లేజరు గాయము, తీరప్రాంతపు చర్మము
1960లో థియోడర్ మైమన్ తొలి రూబీ లేజరును వెలిగించాడు. మూడేళ్ళకే సిన్సినాటి చర్మవైద్యుడు లియాన్ గోల్డ్‌మన్ చర్మంపై దాని ప్రభావాన్ని ప్రకటించాడు. 1983లో ఆండర్సన్, పారిష్‌లు అసలు సూత్రం చెప్పారు: తగిన తరంగదైర్ఘ్యం గల కాంతిని అతిస్వల్పకాలం ప్రసరింపజేస్తే లక్ష్యమే కాలుతుంది, పరిసర కణజాలం నిలుస్తుంది. 2004 నాటి ఫ్రాక్షనల్ పద్ధతిలో సూక్ష్మగాయాల నడుమ చర్మాన్ని తాకకుండా వదులుతారు. అక్కడి కణాలే పక్కకు జరిగి ఒకటి రెండు రోజులలో పైపొరను పూడ్చుతాయి; అడుగున కొల్లాజెన్ కుదురుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది.

మన చామనఛాయలో మెలనిన్ అధికం. కాంతిని ముందుగా అదే పీల్చుకొంటుంది. అందువల్ల గాయం మానినా నల్లమచ్చ మిగలవచ్చు; ఎండ తగిలితే అది ముదురుతుంది. మైపాడు, కృష్ణపట్నం తీరాన వలలు లాగేవారికి నీడపట్టున ఉండమని చెప్పడం తేలికే, పూట గడవాలి కదా! వేటకు విరామం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, అంటే మండుటెండలలోనే. నెల్లూరు తీరవాసులకు కార్తీకపు ముసురుదినాలే ఈ చికిత్సకు అనువైనవని నా అభిప్రాయం.