సముద్రంలో చక్కెర మిల్లు

1744 ఆగస్టులో సేన్-జెరాన్ అనే ఫ్రెంచి ఓడ మారిషస్ ఈశాన్య తీరంలో పగడపు దిబ్బకు కొట్టుకుని ముక్కలైపోయింది. రెండు వందల మందికి పైగా ఉన్న ఆ ఓడలోంచి ప్రాణాలతో ఒడ్డు చేరినవాళ్లు పదిమంది కూడా లేరు. ఈ ప్రమాదాన్ని ఆసరా చేసుకుని బెర్నార్దాన్ ద సేన్-పియేర్ అనే రచయిత 1788లో ‘పాల్ ఎ వర్జినీ’ అనే ప్రేమకథ రాశాడు. అది యూరప్ అంతటా కన్నీళ్లు పెట్టించింది. మారిషస్‌లో ఈ రోజుకీ హోటళ్లకు, వీధులకు ఆ జంట పేర్లు కనిపిస్తాయి. 1960ల్లో డైవర్లు ఆ ఓడ శిథిలాలను వెతికి పట్టుకున్నారు. దాని గంట ఇప్పుడు మాయెబూర్ మ్యూజియంలో ఉంది.

అనకాపల్లివాడికి మాత్రం ఈ కథలో ప్రేమ కన్నా సరుకు మీదే చూపు నిలుస్తుంది. ఆ ఓడలో ఒక చక్కెర మిల్లుకు కావలసిన సామానంతా ఉంది. గవర్నరు మాహె ద లా బుర్దొనే ఈ దీవిలో చక్కెర పరిశ్రమ పెట్టాలని ఫ్రాన్సు నుంచి తెప్పించుకున్న సామాను అది. నీళ్లలోకి దిగి చేపల్ని చూసి మురిసిపోయే యాత్రికులకు ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ. నిజానికి మారిషస్ చరిత్ర మొదలూ మధ్యా చెరకే.

ఉద్యోగం కోసం వచ్చి పోర్ట్ లూయీలో స్థిరపడిపోయిన అనకాపల్లి మనిషి ఒకడున్నాడు. కనుమ వెళ్లగానే అతని బావమరిది ఊరి నుంచి దిగాడు. వాళ్లది మునగపాక వైపు చెరకు రైతుల కుటుంబం. కుర్రాడికి మాత్రం స్కూబా డైవింగ్ పిచ్చి. త్రూ-ఓ-బిష్ దగ్గర 1987లో కావాలనే ముంచిన స్టెల్లా మారు అనే జపాను చేపల ఓడ ఉంది. దాని చుట్టూ ఈది, ఈల్ చేపల్ని ఫొటోలు తీసి, ఇంటికి పంపించేశాడు. ఆ తర్వాత డైవింగ్‌వాళ్లకు తప్పని ఖాళీ రోజు వచ్చింది. లోతు నీళ్లలో పీల్చిన గాలిలోని నత్రజని ఒంట్లోంచి మెల్లగా బయటికి పోవాలి. వరసగా డైవులు చేసినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలన్నది నియమం. ఎత్తు ప్రదేశాలకు కూడా వెంటనే వెళ్లకూడదంటారు. దీవి నడుమనున్న క్యూర్‌పీప్ పట్నం సముద్రమట్టానికి 550 మీటర్ల ఎత్తున, చల్లగా ఉంటుంది. ఆ చల్లని దారి వదులుకుని తూర్పు తీరం పల్లెల మీదుగా, వేడిలోనే దక్షిణానికి పోవాల్సివచ్చింది. అద్దెకు తెచ్చిన కారులో ఏసీ దారి మధ్యలో చల్లగాలి మానేసి వేడిగాలి కొట్టడం మొదలెట్టింది.

“సంకురేత్రి నెల్లో ఇంతెండేటి బావా, మాడిపోతన్నాం,” అన్నాడు బావమరిది.

భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న దేశం కాబట్టి జనవరిలో ఇక్కడ నడి వేసవి. తుపానుల కాలం కూడా ఇదే. మన దగ్గర గానుగలు ఆడుతూ, బెల్లం పాకం పొంగుతూ, అనకాపల్లి మార్కెట్ యార్డులో దిమ్మలు గుట్టలు పడే రోజుల్లో ఇక్కడ చెరకు ఇంకా పచ్చగా ఏపుగా ఎదుగుతుంటుంది. కోత జూన్‌లో మొదలై డిసెంబరుకి ముగుస్తుంది. దీవి వైశాల్యం అనకాపల్లి జిల్లాలో సగానికి తక్కువ. అయినా రోడ్డుకి రెండు పక్కలా చెరకు తప్ప మరేదీ కనబడని చోట్ల దీవికి అంతు లేదనిపిస్తుంది.

పుద్ర్-దోర్ అనే పల్లెలో సేన్-జెరాన్ మృతుల స్మారక స్తంభం ఉంది. అది దాటాక తోటల నడుమ నల్లరాళ్ల గుట్టలు మొదలవుతాయి. కారు ఆపి దగ్గరికి వెళ్లి చూడాల్సినవి అవే. సున్నం, మట్టి ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన కుప్పలవి. మనిషిన్నర ఎత్తు ఉంటాయి. అంచులు గోడ కట్టినట్టు తీరుగా ఉంటాయి, నెత్తి మీద పిచ్చిచెట్లు మొలిచి ఉంటాయి. మధ్యాహ్నం చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఈ దీవి అగ్నిపర్వతం కక్కిన లావా మీద ఏర్పడింది. నాగలి దిగాలంటే ముందు రాళ్లు ఏరాలి. ఒక్కో రాయినీ నెత్తిన మోసి పక్కన పేర్చినవాళ్లు మొదట ఆఫ్రికా బానిసలు, తర్వాత మన కూలీలు. యంత్రాలతో కోయడానికి అడ్డమని ఈ మధ్య చాలా గుట్టల్ని బుల్‌డోజర్లతో తీసేశారు. మిగిలినవాటిని పట్టించుకునే యాత్రికుడు లేడు.

మొదటినుంచీ చెప్పుకుంటే, ఈ దీవికి సొంత జనం అంటూ లేరు. 1598లో డచ్చివాళ్లు దిగారు, తమ యువరాజు మారిట్స్ పేరు పెట్టారు. 1639లో జావా నుంచి చెరకు తెచ్చి నాటారు. ఎబొనీ అనే నల్లకలప చెట్లు నరికి అమ్ముకున్నారు. ఎగరలేని డోడో పక్షి వాళ్ల కాలంలోనే నామరూపాల్లేకుండా పోయింది. తుపాన్లు, ఎలుకలు, కరువు తట్టుకోలేక 1710లో వాళ్లే వదిలిపెట్టి పోయారు. 1715లో ఫ్రెంచివాళ్లు వచ్చారు, మడగాస్కర్, మొజాంబిక్ నుంచి బానిసల్ని తెచ్చారు. 1735లో వచ్చిన లా బుర్దొనే పోర్ట్ లూయీ కట్టించాడు. అందుకోసం పుదుచ్చేరి వైపు నుంచి మేస్త్రీల్ని, వడ్రంగుల్ని రప్పించాడు. అంటే భారతీయులు ఇక్కడికి కూలీలుగా కన్నా ముందు పనివాళ్లుగా వచ్చారన్నమాట. ఆ సంగతి మన పుస్తకాల్లో పెద్దగా కనిపించదు.

1810లో ఇంగ్లీషువాళ్లు దీవిని గెలుచుకున్నారు. కాని లొంగుబాటు ఒప్పందంలో ఫ్రెంచివాళ్ల ఆస్తులు, చట్టాలు, భాష, మతం అలాగే ఉంటాయని మాటిచ్చారు. పాలన ఇంగ్లీషులో, తోటలు ఫ్రెంచి దొరల చేతుల్లో, ఇళ్లలో క్రియోల్. ఈ విచిత్రమైన అమరిక ఈ రోజుకీ నడుస్తోంది. పార్లమెంటులో ఇంగ్లీషు, పేపర్లలో ఫ్రెంచి, కూరగాయల బజార్లో క్రియోల్ వినబడతాయి.

1835లో బానిసత్వం రద్దయింది. నష్టపరిహారం యజమానులకు దక్కింది, 20 లక్షల పౌండ్లకు పైనే. బానిసలకు ఏమీ దక్కలేదు. ఆ డబ్బుతో తోటలు పెంచారు. పనివాళ్లెవరు మరి? 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది కూలీలు దిగారు. వాళ్లు పనిచేసిన ఆంత్వానెత్ తోట పుద్ర్-దోర్‌కి ఎంతో దూరం లేదు. ఆ 36 మందితో మొదలైన వలస 20వ శతాబ్దం తొలి దశాబ్దాల దాకా సాగింది. దాదాపు నాలుగున్నర లక్షల మంది ఈ దారిన వచ్చారు. వాళ్లలో మూడోవంతు మంది తిరిగి వెళ్లిపోయారు. కూలీలు దిగిన పోర్ట్ లూయీ ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

తెలుగువాళ్లు వచ్చింది గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి. 1832–33 డొక్కల కరువు, 1866 గంజాం కరువు, 1876–78 ధాత కరువు మన పల్లెల్ని ఊడ్చిన కాలం అది. మొదట్లో వచ్చినవాళ్లలో చాలామంది కాకినాడ పక్కన కోరంగి రేవులో ఓడెక్కారు. అందుకే ఇక్కడ తెలుగువాళ్లకు కోరంగీలన్న పేరు పడింది. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఆ రేవును తుడిచిపెట్టేసింది.

ఐదేళ్ల ఒప్పందం, నెలకి ఐదు రూపాయల జీతం, బియ్యం, పప్పు, ఉప్పు. వినడానికి బాగానే ఉంటుంది. అసలు కిటుకు ‘డబుల్ కట్’లో ఉంది. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. జ్వరమొచ్చి పడుకున్న మనిషి లేచేసరికి అప్పులో ఉంటాడు. ఒప్పందం తీరిన కూలీ మళ్లీ తోటకి సంతకం పెట్టకుండా సొంతంగా బతకాలనుకుంటే 1867 చట్టం అడ్డుకుంది. ఫొటో అంటించిన పాసు జేబులో లేకపోతే అరెస్టే. అదోల్ఫ్ ద ప్లెవిజ్ అనే తెల్లదొర 1871లో కూలీలచేత పిటిషను పెట్టించాడు. తోటల యజమానులు అతన్ని నడివీధిలో కొట్టించే దాకా వెళ్లారు. లండను నుంచి రాయల్ కమిషన్ 1872లో వచ్చింది. దాని నివేదిక బయటికి రావడానికి 1875 అయింది. 1901లో గాంధీజీ దక్షిణాఫ్రికా నుంచి తిరిగొస్తూ ఇక్కడ ఆగారు. ఆయన మాట మీదే 1907లో మణిలాల్ డాక్టర్ అనే వకీలు వచ్చి కోర్టుల్లో కూలీల తరఫున నిలబడ్డాడు.

ఎండకి గొంతెండిపోయి, ఫ్లాక్ ఊళ్లో ఒక తోపుడు బండి దగ్గర ఆగారు బావా బావమరుదులు. ఆ బండి మీద అమ్మేదాన్ని ఇక్కడివాళ్లు ధోల్ పూరి అంటారు. ఉడికించి పొడి చేసిన శనగపప్పును పిండిలో పెట్టి పలచగా ఒత్తి కాలుస్తారు. బెల్లం లేని బొబ్బట్టు అనుకోవచ్చు. రెండేసి చొప్పున మడిచి, లోపల టమాటా రుగాయ్, చిక్కుడుగింజల కూర, పచ్చిమిరప పచ్చడి పెట్టి కాగితంలో చుట్టి ఇస్తారు. క్రైస్తవుడూ తింటాడు, ముసల్మానూ తింటాడు, చైనావాడూ తింటాడు. ఈ దేశపు జాతీయ వంటకం ఏదని అడిగితే ఎవరైనా దీని పేరే చెబుతారు.

ఇంకాస్త ముందుకి పోతే తెలుగువాళ్ల మందిరం ఒకటి కనబడింది. గేటు మీద తెలుగు అక్షరాలు. లోపల పంచె కట్టుకున్న పెద్దాయన మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. ఆయనకి తెలుగు మాటలు నాలుగైదు వచ్చు, మిగతాదంతా క్రియోలే. కాని ఇక్కడి తెలుగువాళ్లు అమ్మోరు పండగ, రామభజనం, సింహాద్రి అప్పన్న పూజ చేస్తూనే ఉన్నారు. ఉగాది ఈ దేశంలో ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఇక్కడే.

“సింహాచలం మా యింటికి దగ్గరే తాతగారూ, బస్సెక్కితే గంటన్నర,” అన్నాడు బావమరిది. బావ క్రియోల్‌లోకి మార్చి చెప్పాడు. పెద్దాయన నీళ్ల డబ్బా కింద పెట్టేశాడు. స్వామి ఒంటి మీద చందనం ఏడాదికొక్కసారే తీస్తారట, నిజమేనా అని అడిగాడు. నిజమే, వైశాఖ శుద్ధ తదియనాడు చందనోత్సవానికే నిజరూపం. ఆ రోజు వరసలో నిలబడితే ఎంతసేపు పడుతుందని ఆయన రెండో ప్రశ్న. ఎప్పటికైనా వెళ్లాలన్న లెక్కలో ఉన్నాడన్నమాట.

మనుషులు అటు పోతే చెరకు ఇటు వచ్చింది. థగ్గుల పని పట్టిన స్లీమన్ దొర 1827లో మారిషస్ నుంచే ఒటహైటి రకం చెరకును ఇండియాకి తెచ్చాడు. గోదావరి డెల్టాలో దేశవాళీ చెరకుని ఎర్రకుళ్లు తెగులు తినేసినప్పుడు, 1902లో సామర్లకోటలో పరిశోధనా క్షేత్రం పెట్టారు. బార్బర్ అనే దొర దాన్ని నడిపిన ఆ రోజుల్లో రెడ్ మారిషస్, స్ట్రైప్డ్ మారిషస్ రకాలు గోదావరి రైతుల పొలాల్లోకి వచ్చాయి. అనకాపల్లి చెరకు పరిశోధనా స్థానం 1913లో మొదలైంది. మునగపాక కుర్రాడికి ఇవేవీ తెలియవు. ‘కో’ రకాలు, అనకాపల్లి రకాలు మాత్రం తెలుసు. తోట గట్టు మీద నిలబడి కణుపులు లెక్కపెట్టి, “కార్శి ఎన్నేళ్లు ఉంచుతారు బావా?” అని అడిగాడు. ఇక్కడ ఒకసారి నాటితే ఏడెనిమిదేళ్లు పిలక తోటే కొడతారంటే నమ్మలేదు.

వ్యూ గ్రాన్ పోర్ దగ్గర రోడ్డు కొండకీ సముద్రానికీ మధ్య ఇరుకున పడుతుంది. 1810 ఆగస్టులో ఇంగ్లీషు నౌకాదళం ఫ్రెంచివాళ్ల చేతిలో ఓడిపోయింది ఇక్కడే. నెపోలియన్ కాలపు ఫ్రెంచి నౌకావిజయాల్లో పారిస్ విజయతోరణం మీద చెక్కుకున్నది ఇదొక్కటే. పోరులో తగలబెట్టుకున్న సిరియస్, మజీసియెన్ ఓడలు ఆ నీళ్ల అడుగునే ఉన్నాయి. నాలుగు నెలలు తిరక్కుండానే ఇంగ్లీషువాళ్లు ఉత్తరం నుంచి దిగి దీవిని పట్టుకున్నారు. గెలిచిన యుద్ధం పారిస్‌లో ఉంది, దీవి లండన్‌కి పోయింది.

మాయెబూర్ దాటితే బ్లూ బే, పగడాల మెరైన్ పార్కు. 2020 జూలై 25న వకాషియో అనే సరుకుల నౌక ఆ పక్కనే దిబ్బ ఎక్కింది. ఆగస్టులో దాని పొట్ట పగిలి వెయ్యి టన్నుల దాకా చమురు సముద్రంలో పడింది. ప్రభుత్వం తేరుకోక ముందే ఊళ్లవాళ్లు రేవుకి చేరారు. చెరకు ఆకు, పిప్పి లారీల కొద్దీ తెచ్చి గుడ్డ సంచుల్లో కూరి, తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి, కిలోమీటర్ల పొడవున కుట్టి నీళ్లలోకి వదిలారు. జుట్టు చమురు పీల్చుకుంటుందని విని సెలూన్లలో జనం వరస కట్టి కత్తిరించుకున్నారు. ఇంజనీర్లు వచ్చేసరికి ఆ సంచులే పగడాల ముందు కాపలా కాస్తున్నాయి.

ఇప్పుడు ఆ చెరకే తగ్గిపోతోంది. 1858లో ఈ చిన్న దీవిలో 259 మిల్లులుండేవి, ఇప్పుడు మూడు. 1975 నుంచి యూరప్ ఏడాదికి దాదాపు 5 లక్షల టన్నుల చక్కెరను మంచి ధరకి కొంటానని మాటిచ్చింది. 2006 తర్వాత ఆ ధరలో 36 శాతం కోసేసింది, 2009లో ఒప్పందాన్నే ముగించింది. పెద్ద కంపెనీలు పిప్పితో కరెంటు చేసి అమ్ముతున్నాయి, తోటల్ని విదేశీయులకు విల్లాలుగా మారుస్తున్నాయి. బో షాం మిల్లు మూతపడింది, దాని భూముల్లో గోల్ఫ్ మైదానం ఉంది. ఎకరం రెండెకరాల చిన్న రైతులు, అందులో కూలీల మునిమనవలు ఎందరో, కోత కూలి గిట్టక తోటల్ని బీడు పెట్టేశారు. పిల్లలు బ్యాంకుల్లో, హోటళ్లలో పనికి పోతున్నారు. ఉన్న పనికీ మనుషులు దొరక్క బంగ్లాదేశ్ నుంచి కూలీలు వస్తున్నారు, ఒప్పంద కాగితం మీదే.

“మన తుమ్మపాల ఫేక్టరీ మూసేసినప్పుడు కూడా ఇలాగే అన్నారు బావా, చెరకు గిట్టదని,” అన్నాడు బావమరిది. మరి నాన్నగారు ఈ ఏడు ఎంత వేశారని బావ అడిగాడు. సగానికి సగం సరుగుడు పెట్టేశారట.