రెండో నంబరు బాయి

1906 మార్చి 30, శుక్రవారం పొద్దున. ఉత్తర ఫ్రాన్స్‌లోని బిల్లీ-మోంతిన్యీలో, కురియేర్ కంపెనీ వారి రెండో నంబరు బొగ్గుబాయి దగ్గరున్నారు మీరు. ఇరవై రోజులుగా ఇక్కడ శవాలకే ఎదురుచూపులు. ఈసారి కేజ్ తలుపు తీస్తే ప్రాణాలతో ఉన్న మనుషులు దిగుతున్నారు. ఒకరు కాదు, పదముగ్గురు. మసి పట్టి, బుగ్గలు లోపలికి పోయి, వెలుతురు చూడలేక కళ్లకు చేతులు అడ్డం పెట్టుకుని.

వీళ్లను కాపాడి తెచ్చారనుకుంటే పొరపాటే. కంపెనీ మూడు రోజులకే వెతకడం ఆపేసింది, లోపల ఎవరూ బతికి లేరని. ఆన్రీ నేనీ, షార్ల్ ప్రువో, ప్రువో కొడుకు ఆన్సెల్మ్, మిగతా పదిమంది తమ దారి తామే వెతుక్కున్నారు.

వాళ్లతో ఒకసారి కిందికి దిగండి. దీపం లేదు. గోడ తడుముతూ పోతే దారి మధ్యలో కూలిన బండలు. కాలికి మెత్తగా ఏదో తగిలితే అది మనిషి. గుర్రాల కోసం దాచిన ఓట్స్ గింజలు చేతికి దొరుకుతాయి, నమిలి మింగాలి. చివరికి గుర్రం మాంసం, పచ్చిదే. రాత్రో పగలో తెలియదు.

మార్చి 10, శనివారం ఉదయం ఆరున్నర దాటాక జరిగింది పేలుడు. లోపల పదిహేడు వందల మంది దాకా ఉన్నారు, 1,099 మంది పోయారు. అంతకు కొన్ని రోజుల ముందు నుంచే మూడో నంబరు బాయిలో సెసిల్ అనే పొర దగ్గర నిప్పు రగులుతోంది. అది ఆరేదాకా మనుషుల్ని దింపొద్దని కార్మికుల ప్రతినిధి పియేర్ సిమోన్ అడిగాడు. కంపెనీ వినలేదు.

నిప్పురవ్వ ఎక్కడిదో ఈనాటికీ తేలలేదు కానీ, అంత దూరం మంటను మోసుకుపోయింది బొగ్గు పొడి. దుంగల మీదా నేల మీదా పేరుకున్న సన్నటి పొడిని మొదటి పేలుడు గాల్లోకి లేపుతుంది, మంట దాన్ని అందుకుంటుంది, ఆ ఊపు మళ్లీ ముందున్న పొడిని లేపుతుంది. బాయిలను లోపల కలిపే సొరంగాలు వందకు పైగా కిలోమీటర్లు. గ్యాస్ లేని గనిలో ఒట్టి పొడితో భయం లేదని అప్పటి ఫ్రెంచి ఇంజినీర్ల నమ్మకం, అందుకే జనం చేతుల్లో మంట బయటికి కనిపించే దీపాలుండేవి. తర్వాత లియేవాఁలో తఫనెల్ అనే ఇంజినీరు పరీక్షలు చేసి, రాతిపొడితో ఆ మంటను ఆపొచ్చని చూపించాడు. మన సింగరేణి బాయిల్లో గోడల మీద చల్లే తెల్లపొడి చేసే పనీ అదే.

పైకొచ్చిన నేనీకీ, తండ్రి ప్రువోకీ ప్రభుత్వం లెజియాఁ దొనర్ పతకం ఇచ్చింది. ఏప్రిల్ 4న సలోమిన్‌లోని నాలుగో నంబరు బాయి నుంచి ఒగుస్త్ బెర్తోఁ ఒక్కడే బయటపడ్డాడు. వెతకడం ఆపకపోయి ఉంటే ఇంకెందరు బతికేవారన్న ప్రశ్న అప్పటికే ఊరూరా తిరుగుతోంది. ఆ చుట్టుపక్కల గనులు సమ్మెలో ఉన్నాయి. హోం మంత్రి క్లెమాన్సో వాటి మీదికి సైన్యాన్ని పంపాడు.