బర్కిట్ లింఫోమా

ఆఫ్రికా ఖండమున చిన్నపిల్లల దవడలను ఆశ్రయించి, కొలది వారములలోనే ముఖమును వికృత మొనర్చు ఈ అర్బుదము, మానవులలో వైరసునకును క్యాన్సరునకును గల సంబంధమును తొలుత వెల్లడించిన వ్యాధిగా వైద్యచరిత్రమున విశిష్టస్థానము నందినది. ఉగాండా దేశపు కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో శస్త్రవైద్యుడుగా నుండిన డెనిస్ బర్కిట్, 1957లో ఒక శిశువు దవడలు ఇరుప్రక్కల వాచియుండుట గాంచి విస్మితుడై, మరుసటి యేట దీనిని వర్ణించెను. వేడిమియు వర్షమును అధికమై మలేరియా ప్రబలిన ప్రాంతములందే ఇది మెండని పిమ్మట గ్రహించెను.

1961లో లండనున ఆయన ఉపన్యాసము నాలకించిన వైరసు పరిశోధకుడు ఆంథొనీ ఎప్‌స్టీన్, ఇందుకు వైరసు కారణము కావచ్చునని తలచి, కంపాలా నుండి కణితి ముక్కలను విమానముపై తెప్పించి ఎంత శోధించినను చాలకాలము ఫలము కానరాలేదు. పొగమంచుచే విమానము మాంచెస్టరునకు మళ్లి, ఆలస్యముగా చేరిన ఒక నమూనాలోని ద్రవము మసకబారియుండగా, చెడినదని పారవేయక సూక్ష్మదర్శినితో పరికింపగా, అందు సజీవములైన కణితి కణములు తేలియాడుచుండెను! ఆ ఓపిక మిక్కిలి శ్లాఘనీయము. అట్టి కణములను పెంచియే 1964లో ఎప్‌స్టీన్, అచాంగ్, ఇవాన్ బార్ అను మువ్వురు హెర్పిస్ కుటుంబమునకు చెందిన నూతన వైరసును లోకమునకు చూపిరి.

అయినను వైరసు ఒక్కటియే వ్యాధిని కలిగింపజాలదు. వయోజనులలో నూటికి 90 మందికి మించి ఇది సోకియున్నను, అత్యధికులు క్యాన్సరు బారిన పడరు. పదేపదే వచ్చు మలేరియా వలన బి-కణములు (తెల్లరక్తకణములలో ఒక రకము) అతిగా విభజన చెందుచుండగా, 8వ క్రోమోజోము ఖండము సాధారణముగా 14వ దానితో తారుమారై, కణవృద్ధిని నడపు జన్యువు అదుపు తప్పును. ఐరోపా, అమెరికాలందలి రోగులలో పెక్కుమంది కణితులయందు ఈ వైరసే కానరాదు.