పాత తాలూకా, కొత్త స్టేషను

మా కోయిలకుంట్లకు ఖజానా ఉండేది, కచ్చేరి ఉండేది, కోట ఉండేది. రైలు మాత్రం 2016 దాకా లేదు. 1846లో ఆంగ్లేయుల మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దండు వచ్చి పడింది మా ఊరి ఖజానా మీదనే. మరుసటి ఏడు ఫిబ్రవరి 22న ఆయన్ను ఉరి తీసిందీ ఇక్కడే. తలను కోట మీద వేలాడదీసి 1877 దాకా అట్లే ఉంచారు. ఇంత పేరున్న తాలూకాకు రైలెందుకు రాలేదన్నది చిన్నప్పటి నుంచీ నన్ను పట్టుకున్న ప్రశ్న.

జవాబు ఆ 1877లోనే ఉంది. అది ధాత కరువు కాలం. మద్రాసు నుంచి రాయచూరు పోయే పెద్ద లైను అప్పటికి ఆరేళ్ల కిందటే పూర్తయింది. అది మాకు దక్షిణాన ఎర్రగుంట్ల మీదుగా పోయింది. రైలు గింజలను స్టేషను దాకా తెచ్చేది. అక్కడి నుంచి పల్లెలకు చేర్చాల్సింది ఎద్దుల బండ్లు. మేత లేక ఎద్దులు ముందే చచ్చాయి. స్టేషను దగ్గర బస్తాలు, పల్లెల్లో శవాలు! 1880లో నివేదిక ఇచ్చిన కరువు కమిషను ఇలాంటి జిల్లాలకు రక్షణగా రైలుమార్గాలు వేయమంది. గుంతకల్లు నుంచి నంద్యాల మీదుగా కృష్ణా నది దాకా సాగిన మీటరు గేజి లైను ఆ ఆలోచనలోంచి పుట్టింది. నల్లమలను దాటించడానికి బొగద దగ్గర కొండ తొలిచారు, దొరబావి లోయ మీద 1884–87 మధ్య ఎత్తయిన వంతెన కట్టారు. పడమట గోవాలోని మర్మగోవా రేవును, తూర్పున కోస్తాను కలపాలన్న లెక్క కూడా అందులో ఉంది. రేవుల లెక్కలో మా రేగడి చేలు ఎవరికి గుర్తుంటాయి? ఒక లైను మాకు ఉత్తరాన, ఒకటి దక్షిణాన. మేము నడుమ మిగిలిపోయాం.

అందుకని నంద్యాల స్టేషనే మా స్టేషను అనుకున్నాం. మా జేజినాయన పత్తి బోరేలు బండికెత్తుకొని పొద్దుగూకి బయలుదేరేవాడు. కుందూ నది పొంగితే ఆగిపోయేవాడు. లేకుంటే తెల్లారేసరికి గూడ్సు షెడ్డు ముందర ఉండేవాడు. తూకం వేయించి, రసీదు పంచె కొంగున ముడేసుకొని వచ్చేవాడు. నాకు తెలిసిన నంద్యాల స్టేషను అట్టముక్క టిక్కెట్లది. గుమాస్తా టిక్కెట్టును యంత్రంలో పెట్టి తేదీ గుద్దితే టక్కుమని చప్పుడయ్యేది. ఒంటి లైను మీద రెండు బండ్లు ఎదురుపడకుండా డ్రైవరుకు టోకెను ఇచ్చేవాళ్లు. పెద్ద వలయానికి తోలు సంచి, ఆ సంచిలో టోకెను. బండి ఆగకుండా పోతున్నా డ్రైవరు చేయి చాచి ఆ వలయాన్ని భుజానికి తగిలించుకునేవాడు. అది చూడటానికే కొందరు పిల్లలు ప్లాట్‌ఫారం ఎక్కేవాళ్లు.

1990లలో లైను బ్రాడ్ గేజి అయింది. నల్లమలలో దారి మార్చారు. దొరబావి వంతెనను వదిలేశారు, ఇనుప దూలాలు విప్పేశారు. స్తంభాలు అడవిలో నిలబడే ఉన్నాయి. వాటిని కాపాడుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. మా జిల్లాకు అన్నం తేవడానికి కట్టిన వంతెన అది, దాని రాళ్లెత్తిన కూలీల పేర్లు ఏ పలక మీదా లేవు.

మా ఊరికి లైను 1996–97 బడ్జెట్టులో మంజూరైంది. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉంటూ నంద్యాలకు ఎంపీగా ఉన్న కాలం అప్పుడే ముగిసింది. నంద్యాల నుంచి బనగానపల్లె, కోయిలకుంట్ల, సంజామల, నొస్సం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా ఎర్రగుంట్ల దాకా 123 కిలోమీటర్లు. కాగితం మీది గీత పట్టాలు కావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2016 ఆగస్టు 23న రైలు ప్రారంభమైంది. ఉత్తరపు లైనూ దక్షిణపు లైనూ మా ఊరి మీదుగానే చేతులు కలిపాయి.

కుందూకు అవతలి ఆళ్లగడ్డకు మాత్రం ఇప్పటికీ రైలు లేదు. అక్కడి శిల్పులు చెక్కిన విగ్రహాలు లారీల్లోనే పోతున్నాయి. అక్కడివాళ్లు బండెక్కాలంటే నంద్యాలకు పోవాలి, లేదా మా కోయిలకుంట్లకు రావాలి.