జడ, కొప్పు: చరిత్ర చెప్పే ఆధారాలు (జీఎస్-1)

జడ అల్లి, చుట్టలా తిప్పి, పిన్నులు పెడితే కొప్పు. మెడ దగ్గర చుడితే ఒక రూపం, నడినెత్తిన చుడితే ఇంకొకటి. ఇంట్లో రోజూ చూసే ఈ పని జీఎస్-1 జవాబులో ఎక్కడ పనికొస్తుందో చూద్దాం.

మొహెంజొదారోలో 1926లో దొరికిన 10.5 సెం.మీ. కంచు నర్తకి బొమ్మను గమనించండి. జుట్టు ముడి వేసి ఉంటుంది. అమరకోశంలో అల్లిన జడ 'వేణి', ముడిచిన కొప్పు 'ధమ్మిల్లం'. రామాయణంలో అశోకవనంలోని సీతది ఏకవేణి, అది విరహానికి గుర్తు. భారతంలో ద్రౌపది విరాటుని కొలువులో సైరంధ్రిగా రాణి సుదేష్ణకు తల దువ్వి ముడిచింది. కాబట్టి కొప్పులో హోదా ఉంది, ఇంకొకరి శ్రమ కూడా ఉంది.

రెండో వైపు కూడా రాయండి. 19వ శతాబ్దంలో చాలా అగ్రకులాల్లో భర్త పోతే ఆడవారికి శిరోముండనం చేయించేవారు. జోతిరావు ఫూలే 1873లో స్థాపించిన సత్యశోధక్ సమాజ్ ప్రభావంతో, 1890లో బొంబాయి క్షురకులు ఆ పని చేయబోమని నిరాకరించారు.

పరీక్షలో విగ్రహం పేరు, కాలం రాసి ఆగిపోకండి. ఆ కొప్పు ఎవరు ముడిచారు, ముడుచుకునే హక్కు ఎవరికి లేకుండా పోయింది అన్న రెండు వాక్యాలు చేర్చండి. కళ, సమాజం ఒకే జవాబులో కలుస్తాయి.