గాజుతొట్టిలోని పిలువని చుట్టములు

సముద్రమునకు ఎంతో దూరముననున్న అత్తాపూరులో ఒక గృహస్థుడు గాజుతొట్టిలో ఉప్పునీరు నింపి, చిన్న పగడపుదిబ్బను పెంచుచున్నాడనుకొందము. ఆయన ముచ్చటపడి తెచ్చుకొన్నది ఒక శిలయు, దానిపైనున్న ఒక పగడమును మాత్రమే. పది దినములు గడచునప్పటికి రాతిసందునుండి సన్నని పురుగొకటి తొంగిచూచును. అద్దముపై గోధుమవన్నె పువ్వువంటిది విచ్చుకొనును. నడిరేయి ఎక్కడనో టక్కుమను చప్పుడు వినవచ్చును. ఇవి ఆయన కొన్నవి కావు, కోరినవి కావు. రాతి నంటుకొని వచ్చిన చుట్టములు. వీనిని ఉంచుకొనవలెనా, వెడలగొట్టవలెనా? ప్రశ్న చిన్నదిగా తోచినను దీనివెనుక 170 ఏండ్లకు మించిన చరిత్ర కలదు. అందొక అధ్యాయము మన విశాఖతీరమున, మరియొకటి అత్తాపూరులోనే జరిగినవి.

1849లో లండనునందలి రసాయనశాస్త్రజ్ఞుడు రాబర్టు వారింగ్టను ఒక గాజుపాత్రలో బంగారుచేపలను, ఒక నీటిమొక్కను ఉంచెను. మొక్క విడిచిన ప్రాణవాయువు చేపలకు ఊపిరియయ్యెను గాని, ఆకులు కుళ్లి నీరు చెడసాగెను. అప్పుడాయన కొన్ని నత్తలను అందు విడిచెను. అవి కుళ్లిన ఆకును తినివేసెను, వాని గ్రుడ్లు చేపలకు ఆహారమయ్యెను, నీరు తేటపడెను. 1850లో ఆయన ఈ పరిశోధనను ప్రకటించెను. మూడేండ్లకు, అనగా 1853లో, లండను జంతుప్రదర్శనశాలలో ప్రజలకొరకు మత్స్యశాల వెలసెను. అందమైన చేపను బ్రతికించినది అందము లేని నత్త యను సంగతిని మనము మరువరాదు.

ఉప్పునీటి తొట్టికి ఇట్టి ఉపాయమును 1961లో లోకమునకు తెలిపినవాడు జకర్తా వాసి లీ చిన్ ఎంగ్. ఆయన సముద్రమునుండి సజీవశిలలను తెచ్చి, నీటిలో గాలిబుడగలను మాత్రము వదలుచు పగడములను పెంచెను. శిలలోని సూక్ష్మజీవులే నీటిని శుభ్రపరచుచుండెను. కాని ఆ శిల తెరచిన వాకిట మేలుచేయువారితోపాటు కీడుచేయువారును ప్రవేశించిరి. నేడు మన దేశమున రాతిపగడములు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షితములు. మన కడలినుండి వానిని తీయుట నేరము.

ఇక చుట్టములను గుర్తించుటయెట్లు? ఒడలంతయు నూగుముండ్లుండు పురుగులలో పెక్కు నిరపాయకరములు. మిగిలిన మేతను తిని రాతిసందులను ఊడ్చును. చేతితో తాకినచో మాత్రము ముండ్లు గుచ్చుకొనును. గోధుమవన్నె పువ్వు ఐప్టేసియా యైనచో జాగ్రత్త వహింపవలెను. దానిని నలిపి చంపబోయినచో ప్రతి తునకయు మరియొక ప్రాణియై లేచును. టక్కుమను చప్పుడు చేయువారు ఇరువురు కలరు. ఒక పెద్ద డెక్కతో పేల్చు పిస్తోలు రొయ్య సామాన్యముగా చేపల జోలికి పోదు. కాడలపై తిరుగు కన్నులతో, ముందుకాళ్లు మడచి పొంచియుండు మాంటిస్ రొయ్య చేపలను, పీతలను చంపును. చప్పుడొకటే, కాని ఒకరికి తొట్టిలోనే తావీయవచ్చును, రెండవవారికి వేరు పాత్ర కావలెను. చూడక తీర్పు చెప్పరాదనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

గుర్తించుట ఆలస్యమైనచో నేమగునో విశాఖపట్టణపు రేవు చెప్పును. 1967లో అచట అపరిచితమైన చిన్న ఆల్చిప్ప కనబడెను. ఆచార్య పి. ఎన్. గణపతిగారును, వారి సహచరులగు జంతుశాస్త్రజ్ఞులును అది మైటిలోప్సిస్ సల్లీ యని 1971లో ప్రకటించిరి. దాని పుట్టినిల్లు అట్లాంటిక్ మహాసముద్రమున ఉష్ణమండలపు అమెరికా తీరము. ఓడల అడుగున అంటుకొని వచ్చియుండునని విజ్ఞుల అభిప్రాయము. నీటిలో ఉప్పు హెచ్చినను తగ్గినను అది ఓర్చుకొనును. స్తంభములను, పడవలను గుత్తులుగుత్తులుగా కప్పివేయును. తరువాత అది ముంబయి రేవులోను కనబడెను.

1999లో ఇదే ఆల్చిప్ప ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరమున పడవల రేవులలో కనబడెను. అచటివారు వెంటనే రేవుల తలుపులు మూసి, నీట మందులు కలిపి, కొలది వారములలో దానిని నిర్మూలించిరి. కాని ఆ మందులకు అచటి ఇతర ప్రాణులును బలియయ్యెను. త్వరగా గుర్తించినందున రేవు దక్కినది. అయినను మూల్యము తప్పలేదు.

కంటికి కనబడకమునుపే చుట్టమును గుర్తింపగలమా? ఈ ప్రశ్నకు సమాధానము అత్తాపూరులో దొరకినది. అచటి లాకోన్స్ యను పరిశోధనశాల సి.సి.ఎం.బి.కి చెందినది, అంతరించుచున్న జీవజాతుల సంరక్షణకై నెలకొల్పబడి, 2007లో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాముగారిచే జాతి కంకితమైనది. ప్రతి జలచరమును తన చర్మపు పొట్టును, జిగురును, మలమును నీటిలో విడుచుచుండును. అందు దాని డి.ఎన్.ఏ. ఉండును. నీటిని వడగట్టి ఆ జాడను పట్టుకొను పద్ధతితో సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు తూర్పుకనుమల జలాశయములను పరీక్షించిరి. అద్దముపై పాచి తినునని జనులు తొట్టెలలో పెంచుకొను, పలకల కవచముగల దక్షిణ అమెరికా సక్కర్ చేప జాడ నూటికి సుమారు 60 జలాశయములలో తేలినదని 2024లో ప్రకటింపబడినది. ఈ చేప ఓడనంటి రాలేదు. మన ముంగిటినుండియే పోయినది.

కావున చరిత్ర గృహస్థునకు చెప్పు మాట యిది. కొత్త శిలను ముందుగా వేరు పాత్రలో కొన్ని వారములుంచుము. రాత్రి ఎఱ్ఱని మసకవెలుగులో పరికింపుము. మేలు చేయుదానిని ఉంచుకొనుము. కీడు చేయుదానికి వేరు తావు చూపుము, లేదా నశింపజేయుము. కాని జాలిపడి చెరువులోనో కాలువలోనో విడువకుము. అత్తాపూరు ప్రక్కనే మూసీ ప్రవహించుచున్నది. మూసీ కృష్ణలో కలియును. కృష్ణ కడలిలో కలియును. చుట్టమును పిలిచినది మనము కాకపోవచ్చును. ఊరిమీదికి పంపినవారము మాత్రము మనము కారాదు.