బార్న్‌స్లీ క్లబ్బు అగ్రశ్రేణి ప్రస్థానం (1997-98): చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ ప్రాంతానికి చెందిన బార్న్‌స్లీ ఫుట్‌బాల్ క్లబ్బు 1997లో తొలిసారి అగ్రశ్రేణికి చేరి, ఏడాది తిరగకముందే దిగువ శ్రేణికి పడిపోయింది. ఈ పతనాన్ని ఒక జట్టు వైఫల్యంగా కాక, ఆ పట్టణ చరిత్రతోనూ లీగ్ ఆర్థిక నిర్మాణంతోనూ కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నేపథ్యం:
బార్న్‌స్లీ బొగ్గుగనుల పట్టణం. 1887లో చర్చి ఆధ్వర్యంలో పుట్టిన ఈ క్లబ్బు 1898లో ఫుట్‌బాల్ లీగ్‌లో చేరింది. 1912లో ద్వితీయ శ్రేణిలో ఉంటూనే ఎఫ్.ఎ. కప్ గెలిచింది. అగ్రశ్రేణి మాత్రం 99 ఏళ్లపాటు అందలేదు. 1984-85 నాటి సమ్మె విఫలమయ్యాక ఈ ప్రాంతంలో గనులు ఒకటొకటిగా మూతపడ్డాయి. సమీపంలోని గ్రైమ్‌థార్ప్ గని 1993లో మూతపడింది. ఆపై నాలుగేళ్లకు డానీ విల్సన్ నేతృత్వంలోని జట్టు ద్వితీయ శ్రేణిలో రెండో స్థానం సాధించి ప్రీమియర్ లీగ్‌కు చేరింది. ఆ ఏడాది అభిమానులు తమ జట్టును బ్రెజిల్‌తో పోల్చి పాడుకొనేవారు. ఆ పోలికలో హాస్యంతోపాటు, తరాల జీవనాధారం కోల్పోయిన ఊరి ఆత్మగౌరవమూ ఉంది.

3. పోటీల క్రమం:
1997 ఆగస్టు 9న సొంత మైదానం ఓక్‌వెల్‌లో వెస్ట్‌హామ్‌పై నీల్ రెడ్‌ఫర్న్ తొలి గోల్ చేసినా, బార్న్‌స్లీ 1-2తో ఓడింది. అదే నెలలో చెల్సీ చేతిలో 0-6, అక్టోబరులో మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 0-7 తేడాతో పరాజయాలు ఎదురయ్యాయి. అయినా నవంబరులో లివర్‌పూల్‌ను వారి ఆన్‌ఫీల్డ్‌లోనే 1-0తో ఓడించింది. 1998 ఫిబ్రవరిలో ఎఫ్.ఎ. కప్ పోటీలో అదే యునైటెడ్‌ను 3-2తో ఇంటికి పంపింది. లీగ్‌లో మాత్రం 38 ఆటల్లో 10 గెలిచి, 5 డ్రా చేసుకొని, 23 ఓడింది. 37 గోల్స్ చేసి 82 సమర్పించుకొంది. 35 పాయింట్లతో 19వ స్థానంలో నిలిచింది.

4. విశ్లేషణ:
ఒక్కరోజు పెద్ద జట్టును ఓడించడానికి పదకొండు మంది పట్టుదల చాలవచ్చు. తొమ్మిది నెలలు నిలవడానికి గాయపడినవారి స్థానంలో దింపగల సమర్థులు కావాలి, అందుకు ధనం కావాలి. 1992లో ప్రీమియర్ లీగ్ ఏర్పడ్డాక టెలివిజన్ ఆదాయంలో అధికభాగం అగ్రశ్రేణికే దక్కింది. ఏళ్ల తరబడి ఆ ఆదాయం పొందిన క్లబ్బులతో కొత్త క్లబ్బు ఒక్క వేసవిలో సమానం కావలసి వచ్చింది. బార్న్‌స్లీతో కలిసి పైకి వచ్చిన బోల్టన్, క్రిస్టల్ ప్యాలెస్ కూడా ఆ ఏడాదే పడిపోయాయి. అయితే బోల్టన్, ఎవర్టన్ 40 పాయింట్లతో సమానంగా నిలిచాయి. గోల్స్ తేడాయే వాటి భవితవ్యాన్ని నిర్ణయించింది. కాబట్టి ఆ ఒక్క ఏడాదిని బట్టి సూత్రీకరించడం తొందరపాటు. కానీ 2023-24, 2024-25 సీజన్లలోనూ కొత్తగా వచ్చిన మూడేసి క్లబ్బులూ పడిపోవడం గమనిస్తే, శ్రేణుల మధ్య అంతరమే ప్రధాన కారణమని భావించవచ్చు.

5. ముగింపు:
2000లో తిరిగి అగ్రశ్రేణికి చేరే అవకాశాన్ని బార్న్‌స్లీ తుది పోరులో ఇప్స్‌విచ్ చేతిలో 2-4తో కోల్పోయింది. 2002లో తృతీయ శ్రేణికి పడి, ఆర్థిక సంక్షోభంలో చిక్కుకొంది. ఆ తర్వాత అగ్రశ్రేణిని చేరలేదు. పాయింట్ల పట్టికలో 19వ స్థానంగా నమోదైన ఆ ఏడాది, బార్న్‌స్లీ క్లబ్బు అగ్రశ్రేణిలో ఆడిన ఏకైక ఏడాదిగా మిగిలింది.